ఎఱుకతో కూడిన కబళము

మధ్యాహ్నపు గంట మ్రోగిన పిమ్మట పాఠశాల వసారాలో పిల్లలు భుజించు తీరును మనలో ఎందఱు గమనించియుందురో తెలియదు. మేము కొన్నాళ్లుగా గమనించుచున్నాము. అన్నము, సాంబారు వడ్డింతురు. ఉడికిన గ్రుడ్డు నొకదానిని పళ్లెపు అంచున నుంతురు. తలలు వంగును, చేతులు ఆడును, ఏడెనిమిది నిమిషములలో పళ్లెములు కడుగు చోట త్రోపులాట మొదలగును. ఒకనాడు చేయి కడుగుకొని వచ్చిన బాలు నొకనిని "నాయనా, నేటి సాంబారులో ఏ కూర వేసిరి?" అని అడిగితిమి. అతడు తల గోకికొని, ప్రక్కవానివంక చూచి నవ్వెను. ప్రక్కవానికిని తెలియలేదు. ఇరువురును కడుపునిండ తినిరి. ఏమి తినిరో మాత్రము ఎఱుగరు.

ఇది నవ్వులాటకు చెప్పిన మాట కాదు. తినుచున్న దేమియో, ఎంతయో, ఎప్పుడు చాలునో తెలియక తినుట నేటి మన రాష్ట్రమున పెద్ద ఆరోగ్యసమస్యతో ముడిపడియున్నది. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తమిళనాడులో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 40.4 మంది అధికమైన బరువు గలవారు. 2015–16లో ఆ సంఖ్య 30.9 మాత్రమే. పురుషులలో అది 28.2 నుండి 37.0కు పెరిగినది. దేశము మొత్తముమీద స్త్రీలలో నూటికి 24 మందియే యిట్టివారు. అనగా ఈ విషయమున మన రాష్ట్రము దేశముకంటె చాల ముందున్నది. ఇట్టి ముందంజ కోరదగినది కాదు. మన బంధువులు నివసించు ఆంధ్రప్రదేశమున స్త్రీలలో నూటికి 36.3, తెలంగాణమున 30.1 చొప్పున ఈ లెక్క కలదు. కావున ఎల్లకు ఈవలివారమైనను ఆవలివారమైనను తెలుగువార మెవ్వరమును దీనిని ఒరులపాలిటి ముచ్చటగా వినరాదు.

ఈ లెక్క కట్టువిధము విద్యార్థులకు తెలియుట మంచిది. కిలోగ్రాములలోని బరువును, మీటర్లలోని ఎత్తును రెండుమాఱులు హెచ్చింపగా వచ్చిన సంఖ్యతో భాగింపవలెను. పెద్దవారికి ఆ ఫలము 25 గాని అంతకు మించిగాని యున్నచో సర్వేలో అధికభారముగా ఎంచిరి. మనదేశపు వైద్యులు 23 దాటినప్పుడే జాగ్రత్తపడుమందురు. ఏలయనగా మన శరీరములు తక్కువ బరువుననే మధుమేహమునకు, హృద్రోగమునకు లోనగుచున్నవి. అయితే ఎదుగుచున్న బాలబాలికల కీ సంఖ్యలు వర్తింపవు. వారి విషయమున వయస్సును బట్టి, ఆడ మగ భేదమును బట్టి వేఱు పట్టికలు కలవు. కనుక ఏ విద్యార్థియు తన కొలతను తానే తీసికొని తీర్పు చెప్పుకొనరాదు.

స్థూలకాయమును గూర్చి మాటాడుటకు ముందు మన ప్రాంతపు ఆకలిచరిత్రను స్మరింపక తప్పదు. కాట్టుపల్లి బంగాళాఖాతమునకు, బకింగ్‌హాము కాలువకు నడుమనున్న ఇసుకనేల. ఆ కాలువలో మద్రాసు నగరమున అడయారు, కూవము నదులను కలుపు భాగమును 1877–78లో కఱవుపనిగా త్రవ్వించిరి. అది ధాత కఱవు కాలము. 1876–78 నడుమ మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనము అన్నము లేక మరణించిరి. కఱవుపని చేయు పురుషునికి దినమునకు ఒక పౌను, అనగా 450 గ్రాముల ధాన్యము, చేతికి ఒక అణా చాలునని ప్రభుత్వము పంపిన సర్ రిచర్డు టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యశాఖాధికారియైన కార్నిష్ అది మనిషిని బ్రతికింపజాలదని, ఒకటిన్నర పౌను ధాన్యమైనను, దానితోబాటు పప్పును కూరయు కావలెనని వాదించెను. ఒకని కడుపునకు చాలునో చాలదో దొరతనము తక్కెడతో తేల్చిన కాల మది. మట్టి మోసినవాని ఆకలిని ఎవ్వరును అడుగలేదు.

అట్టి నేలమీద అన్నదానము పాఠశాలకు వచ్చుట చిన్న విషయము కాదు. 1920లో మద్రాసు కార్పొరేషనుకు అధ్యక్షుడుగా నున్న పిట్టి త్యాగరాయ శెట్టిగారు, తెలుగు కుటుంబమున జన్మించిన వారు, థౌజండ్ లైట్స్ పాఠశాలలో బీదపిల్లలకు తలకొక అణాకు మించని ఖర్చుతో మధ్యాహ్నభోజనము పెట్టించిరి. 1956లో కామరాజుగారి ప్రభుత్వము ఆ పనిని రాష్ట్రమంతటికిని విస్తరింపజేసెను. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున చేరినది; పటము మీద ఎల్ల మాఱినది గాని పిల్లల ఆకలికి ఎల్ల లేదు. 1982 జూలై 1న ఎం. జి. రామచంద్రన్‌గారు పౌష్టికాహార పథకమును ప్రారంభించిరి. 2022 సెప్టెంబరులో ప్రాథమిక పాఠశాలలందు ఉదయపు ఉపాహారమును మొదలిడిరి. దానిని గ్రామములలోని సహాయము పొందు పాఠశాలలకు విస్తరించు సభ 2024 జూలై 15న మన తిరువళ్లూరు జిల్లాలోని కీళచ్చేరియందే జరిగినది.

ఈ చరిత్రనుండియే మన అవ్వలు చెప్పు నియమము పుట్టినది: "పళ్లెములో ఒక్క మెతుకు మిగల్పరాదు." కఱవును కన్నవారి, విన్నవారి నోటినుండి వచ్చిన మాట యిది. దీనిని మేము తలవంచి గౌరవింతుము. అన్నమును పాఱవేయుట నేటికిని పాపమే. కాని కాలము మాఱినపుడు నియమము యొక్క అక్షరమును గాక దాని ప్రాణమును పట్టుకొనవలయును. నేడు అనేకగృహములలో జరుగుచున్న దేమి? ముందు ప్రేమచేత పళ్లెము నిండ వడ్డింతురు; పిదప ధర్మము పేరిట అంతయు తినుమని ఒత్తిడి చేయుదురు. బిడ్డ "చాలునమ్మా" అన్నచో "ఇంకొక ముద్ద, నా తల్లివి గదా" అందురు. ఆ బిడ్డ కడుపు చాలునని చెప్పినది. ఇల్లు చాలదని చెప్పినది. పదిసార్లు, నూరుసార్లు ఇట్లు జరిగిన పిమ్మట బిడ్డ తన కడుపు మాటను వినుటయే మానివేయును.

కడుపు నిజముగా మాటాడునా యని ఎవరైన అడుగవచ్చును. మాటాడును. జీర్ణకోశము సాగినపుడు నరములద్వారా మెదడునకు వార్త చేరును. అన్నము చిన్నప్రేగులను చేరినపుడు అచ్చటినుండి కొన్ని రసాయనదూతలు రక్తమున బయలుదేఱి తృప్తిని తెలియజేయును. 1994లో లెప్టిన్ అను పదార్థమును కనుగొనిరి. అది కొవ్వునుండి పుట్టి, నిలువయున్న శక్తి యెంతయో మెదడునకు తెలుపును. 1999లో జపాను శాస్త్రజ్ఞులు గ్రెలిన్ అను ఆకలిదూతను కనుగొనిరి. అయితే ఈ తృప్తివార్త యంతయు మెదడునకు చేరుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టును. ఏడు నిమిషములలో భోజనము ముగించువాడు ఆ వార్త రాకముందే మారు వడ్డన కూడ తిని లేచిపోవును. ఉత్తరము వచ్చుసరికి ఇంటివారు ఊరు విడిచినట్లగును.

కావుననే ఎఱుకతో భుజించుట యను పద్ధతిని గూర్చి నేడు వైద్యులును మనశ్శాస్త్రవేత్తలును చెప్పుచున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబట్-జిన్ అను ఆయన 1979లో ఒక శిక్షణను ఆరంభించెను. అందు ఒకే ఒక ఎండుద్రాక్షపండును చేత పట్టి, చూచి, వాసన చూచి, నెమ్మదిగా నమలి మ్రింగుట ఒక అభ్యాసము. తరువాత జీన్ క్రిస్టెల్లర్ అను విదుషి, అదుపులేక తినువారికొఱకు ఇట్టి అభ్యాసములతో ప్రత్యేక శిక్షణ నేర్పఱచెను. 2013లో ఎరిక్ రాబిన్సన్, ఆయన సహచరులు అంతవఱకు జరిగిన ప్రయోగములను సమీకరించి చూడగా, ధ్యాస మఱొకచోట నుంచి తినువారు ఆ పూట ఎక్కువ తినుటయే గాక, తరువాతి పూటకూడ ఎక్కువ తినుచున్నట్లు తేలినది. తిన్నది జ్ఞాపకములో నిలువనిచో ఆకలి దానిని లెక్కలో వేసికొనదు కాబోలు. సాంబారులోని కూర పేరు తెలియని బాలుడు ఇచ్చట మాకు మఱల జ్ఞప్తికి వచ్చుచున్నాడు.

ఇది విదేశమునుండి దిగుమతియైన వింత యని అనుకొనరాదు. చరకసంహిత విమానస్థానమున, మాటాడక, నవ్వక, మనస్సు అన్నముమీద నుంచి భుజింపవలెనని విధింపబడినది. వాగ్భటుని అష్టాంగహృదయము కడుపును నాలుగు పాళ్లుగా భావించి, రెండు పాళ్లు అన్నమునకు, ఒక పాలు ద్రవమునకు విడిచి, నాల్గవ పాలును వాయువునకు ఖాళీగా ఉంచుమన్నది. మన ఇరుగుపొరుగు తమిళుల తిరుక్కురళులో ఔషధమును గూర్చిన అధికారము తొంబదియైదవది. మందును గూర్చిన ఆ అధికారమున అధికభాగము, తిన్నది అఱిగిన పిమ్మట ఆకలి యెఱిగి మితముగా తినుటను గూర్చియే. మన పెద్దలు విస్తరి చుట్టు నీరు త్రిప్పి ఒక క్షణము ఆగుదురు. క్రైస్తవ సోదరులు ప్రార్థించి తిందురు. ముస్లిము సోదరులు దైవనామము నుచ్చరించి కబళము నెత్తుదురు. మతములు వేఱైనను మొదటి ముద్దకు ముందు ఆ ఆగుట ఒక్కటే. మనము నామమును మఱవకపోయినను ఆగుటను మఱచితిమి.

అయినను అతిశయోక్తి చెప్పుట మా అభిమతము కాదు. ఎఱుకతో తినినంతమాత్రమున బరువు మంచువలె కరగునని ఎవ్వరును నమ్మరాదు. అదుపులేక తినుటను, దిగులుతో తినుటను ఈ అభ్యాసము తగ్గించునని పరిశోధనలు చూపుచున్నవి గాని, బరువు తగ్గుటను గూర్చిన ఫలితములు స్వల్పముగను, ఒక దానికొకటి పొందికలేకయు ఉన్నవి. వంశలక్షణములు, నిద్రలేమి, కొన్ని వ్యాధులు, కొన్ని మందులు కూడ బరువును పెంచును. వైద్యుడు విధించిన పథ్యమునకు ఇది బదులు కాదు. మఱియు ఆహారము యొక్క స్వభావమే మన ఎఱుకను ఓడించునట్లు తయారగుచున్నది. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థలలో కెవిన్ హాల్ బృందము ఇరువదిమందిని ఒక్కచోట ఉంచి పరీక్షించెను. రెండు వారములు కర్మాగారములలో తయారైన తిండ్లను, రెండు వారములు ఇంటివంటవంటి వానిని, ఎదుట ఉంచిన కెలోరీలు, చక్కెర, కొవ్వు, పీచు సరిసమానముగా ఉండునట్లు పెట్టి, ఇష్టమైనంత తినుడనిరి. కర్మాగారపు తిండి తినినపుడు వారు దినమునకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తినిరి, తొందరగా తినిరి, రెండు వారములలో కిలోకు కొంచెము తక్కువగా బరువు పెరిగిరి. పాఠశాల వాకిట వ్రేలాడు రంగుల పొట్లములు ఏ జాతికి చెందినవో వేఱుగా చెప్పనక్కఱలేదు.

మఱొక సంగతి. ఎఱుకకు సమయము కావలయును. కాట్టుపల్లి పరిసరములలో నేడు ఓడరేవు, నౌకానిర్మాణశాల, 2010లో ఆరంభమైన సముద్రజల శుద్ధి కర్మాగారము కలవు. వలవేసి బ్రతికిన ఇండ్లలోను, మడి దున్నిన ఇండ్లలోను పుట్టినవారు నేడు వంతులవారీ పనులకు పోవుచున్నారు. రాత్రిపని ముగించి వచ్చినవానికి చేపల పులుసు చల్లారియుండును. నిద్రకు, భోజనమునకు నడుమ పావుగంట యుండును. అట్టివానితో "నెమ్మదిగా నమిలి తినుము" అని చెప్పి ఊరకుండుట నీతి కాదు. తినుటకు వ్యవధి నీయక తినువానిని తప్పుపట్టుట టెంపుల్ దొర తక్కెడకు తోబుట్టువే.

ఇక మా మనస్సును అన్నిటికంటె కలచు విషయమును చెప్పెదము. మే మెఱిగిన బాలిక యొకతె కలదు. చదువులో చుఱుకైనది, కొంచెము బొద్దైనది. తోడిపిల్లలు ఆమెను తమిళమున "గుండు" అని పిలిచిరి. తెలుగున అంతకంటె మంచి పే రేమియు పెట్టలేదు. పెద్దవా రొకరు కూడ నవ్వుచు "నీకు రెండవ వడ్డన యెందుకే?" అనిరి. మఱునాటినుండి ఆమె మధ్యాహ్నభోజనము మానివేసినది. పాఠము వినునపుడు కండ్లు మూతపడుచుండెను. సాయంకాలము ఇంటికి పోవుదారిలో, ఎవ్వరును చూడకుండ, రెండు పొట్లముల మిక్చరు గబగబ తినుచుండెను. తన నోట తాను మెచ్చుకొని తినిన ముద్ద ఒక్కటియు లేదు. బరువు తగ్గలేదు, సిగ్గు మాత్రము పెరిగినది. ఎగతాళి స్థూలకాయమునకు మందు కాదు, దానికి ఎరువు. కడుపు కాల్చుకొనినవాడు తరువాత అదుపు తప్పి తినుట ప్రకృతి.

ఈ బాలికకు జరిగినదానిని, "ఇంకొక ముద్ద" అని బలవంతపెట్టబడు బిడ్డకు జరుగుదానిని ప్రక్కప్రక్క నుంచి చూడుడు. ఒకచోట "అంతయు తిను", మఱొకచోట "తక్కువ తిను". మాటలు ఎదురెదురు, తప్పు ఒక్కటే. రెంటియందును ఆకలిని కొలుచువాడు బయటివాడు. మా అభిప్రాయ మిది: పిల్లలకు ఈ రెండాజ్ఞలును వలదు. తమ ఆకలిని, తమ తృప్తిని తామే గుర్తించు శక్తిని నేర్పవలయును. అక్షరములు నేర్పినట్లే దీనిని నేర్పవలయును. అది నేర్చినవాడు కఱవున పంచుకొనగలడు, సమృద్ధిలో ఆగగలడు.

అవ్వ నియమమును మీఱకయే దీనిని ఆచరింపవచ్చును. మొదట కొంచెమే వడ్డించుకొనుడు. మారు అడుగుటకు సిగ్గుపడకుడు. మన విందులలో మారు వడ్డన యను మర్యాద కలుగుటకు కారణ మిదియే కావచ్చును. అప్పుడు మెతుకు మిగులదు, కడుపును బాధపడదు. మొదటి మూడు ముద్దలు మాటాడక తినుడు. ఉప్పెంతయో, పులుపెంతయో, ఏ కూరయో గుర్తింపుడు. సెల్‌ఫోనును, దూరదర్శనమును భోజనము చెంతకు రానీయకుడు. సగము తినిన పిమ్మట చేయి ఆపి, "ఇంకను ఆకలియేనా, లేక రుచి మాత్రమేనా?" అని మిమ్ము మీరే అడుగుకొనుడు. ఆకలియైనచో తృప్తిగా తినుడు. రుచి మాత్రమే యైనచో మఱి రెండు ముద్దలు ఆస్వాదించి లేచినను తప్పులేదు. ఎదుగు వయస్సున ఉపవాసములు వలదు.

ఏమి తినవలయునన్న ప్రశ్నకు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు చాలును. 1918లో కూనూరునందు చిన్న పరిశోధనశాఖగా పుట్టి 1958లో హైదరాబాదు చేరిన సంస్థ యది. పళ్లెములో సగము కూరగాయలు, పండ్లు. తక్కిన సగమున ధాన్యములు, చిరుధాన్యములు, పప్పులు, గ్రుడ్డో చేపయో, పెరుగో పాలో ఉండవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. మన పళ్లెమున ముప్పాతిక భాగము అన్నమే యున్నదని ఎవరికి వారు చూచుకొనవచ్చును. పులికాటు మడుగు చేపలు, తిరుత్తణి వైపు రాగిసంకటి, పెరటిలోని మునగాకు మనకు దూరమైనవి కావు.

పాఠశాలలను మేము కోరునవి నాలుగే. పిల్లలు కూర్చుండి తినుటకు, వరుసలో నిలుచు కాలమును విడిచి, అర్ధగంట వ్యవధి యీయవలయును. ఆ వ్యవధిని శిక్షలకు, ప్రకటనలకు కాజేయరాదు. ఉపాధ్యాయులలో ఒకరైనను దినమున కొకరు చొప్పున పిల్లల పంక్తిలో కూర్చుండి భుజింపవలయును. శరీరమును బట్టి ఎవ్వరిని ఏ భాషలోను పేరుపెట్టి పిలువరాదని ప్రతి తరగతియు నిర్ణయించుకొనవలయును. వీనికి నిధులు అక్కఱలేదు, ఉత్తరువులు అక్కఱలేదు.

విద్యార్థులారా, మీ తాతముత్తాతల కడుపును తక్కెడ కొలిచినది. మీ కడుపును పొట్లము అమ్మువాడు గాని, ఎగతాళి చేయువాడు గాని కొలువకుండ చూచుకొనుడు. రేపు మధ్యాహ్నపు గంట మ్రోగినపుడు ఒక క్షణము ఆగి పళ్లెమువంక చూడుడు. మే మెవరినైన పిలిచి "నేటి సాంబారులో ఏ కూర?" అని అడుగుదుము. చెప్పినవానికి బహుమాన మేమియు లేదు. వాడు ఆ పూట నిజముగా భోజనము చేసినాడని మాత్రము సంతోషింతుము.